'గుర్తింపు' అనే మాట కొట్టేశాక: ఒక విద్యార్థి సంఘం దరఖాస్తు కేస్ స్టడీ

నేను విద్యార్థి వ్యవహారాల బాధ్యత చూసిన రోజుల్లో నడిపిన ఒక ఫైలు గురించి రాస్తున్నాను. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఉన్న బోలెడు ఉన్నత విద్యాసంస్థల్లో మాదొకటి. ప్రభుత్వ నిధులతో నడుస్తుందన్నది మాత్రం చెప్పి తీరాలి, తర్వాత వచ్చే చట్టం గొడవంతా దాని మీదే నిలబడింది. మనుషుల వివరాలు, నెలలు మార్చాను. సంఘం జెండా రంగు కావాలనే చెప్పడం లేదు. ఇది చదివే తోటి అధ్యాపకులు, వార్డెన్లు, ప్రిన్సిపాళ్లు తమకు ఏ రంగు చూస్తే ఒళ్లు మండుతుందో ఆ రంగే ఊహించుకుని చదవమని మనవి. అప్పుడు కూడా మేం చేసింది సబబే అనిపిస్తే సరే.

నేపథ్యం

మన రాష్ట్రంలో 1980ల చివర్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. ప్యానెళ్లు, గోడరాతలు, కౌంటింగ్ రాత్రి కొట్లాటలు నా సీనియర్లు చెప్పే ముచ్చట్లు. ఇప్పటి పిల్లలకు అవి తాతల కాలం కబుర్లు. ఎన్నికలు పోయినా సంఘాలు పోలేదు. బంద్ పిలుపు ఉన్న రోజు పొద్దున పదింటికి జెండాలతో గేటు దగ్గరికొస్తారు. ప్రిన్సిపాల్ గదిలో పది నిమిషాలు కూర్చుంటారు. లాంగ్ బెల్ కొడతాం, పిల్లలు బస్సెక్కుతారు. ఇంకో రోజు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీదో, మెస్ చార్జీల మీదో వినతిపత్రం తెస్తారు. పుచ్చుకుంటూ ఫొటో దిగుతాం. రెండు పక్షాలకూ అలవాటైన తంతు ఇది. గమ్మత్తేమిటంటే ఇందులో మా విద్యార్థులు ఎక్కడా ఉండరు.

లోపల ఉన్నవి ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, సాహితీ వేదిక, ఫెస్ట్ కమిటీ, మార్కులు చూసి మేమే నామినేట్ చేసే స్టూడెంట్ కౌన్సిల్. 'గుర్తింపు పొందినవి' అంటే ఇవే. ఆ గుర్తింపు ఎవరివ్వాలి, దేనికి కాదనొచ్చు అన్న నిబంధన కాగితం మీద ఎక్కడా లేదు. అడిగినవాడు లేడు గనక రాసినవాడూ లేడు.

వచ్చిన దరఖాస్తు

ఒక జూలైలో 43 మంది సంతకాలతో ఒక కాగితం వచ్చింది. చేతిరాత, తప్పుల్లేని తెలుగు. అడిగినవి మూడు. ఒక రాష్ట్ర స్థాయి రాజకీయ విద్యార్థి సంఘానికి అనుబంధంగా తాము పెట్టుకున్న అధ్యయన వేదికకు సంస్థ గుర్తింపు కావాలి. విద్యార్థి ఎన్నికలు ఎలా జరగాలో చెప్పిన లింగ్డో కమిటీ సిఫార్సుల మీద సభ పెట్టుకోవడానికి సెమినార్ హాలు కావాలి, వక్త బయటివారు. నోటీసు బోర్డులో కాస్త చోటు కావాలి.

ఇన్‌వార్డు ముద్ర పడి నా బల్ల మీదికొచ్చేసరికి మార్జిన్‌లో ప్రిన్సిపాల్ గారి పచ్చ ఇంకు ఉంది: "పొలిటికల్. డిస్కస్." ఆ రెండు మాటల చుట్టూ ఆర్నెల్లు తిరిగాం.

ప్రిన్సిపాల్ గారు చెడ్డవారేమీ కాదు. ఆయనకు మూడు భయాలుండేవి. ఒకరికిస్తే రేపు పదిమంది వస్తారు. హాలిస్తే బయటివాళ్లు లోపలికొస్తారు. మూడోది ఆయన తలుపేసి చెప్పారు: "ఎవడో ఫొటో తీసి పైకి పంపిస్తాడండీ. వీళ్లను మీరే పెంచుతున్నారా అని నన్నడుగుతారు." మొదటి రెండూ మామూలు పరిపాలన చిక్కులు. అసలు ముడి మూడోది. గుర్తించడమంటే మెచ్చుకోవడమని ఆయన అనుకుంటున్నారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను.

ఆయన చేతిలో ఒక ఆయుధం కూడా ఉంది, అదీ దరఖాస్తులోని లింగ్డో కమిటీయే. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ లింగ్డో నాయకత్వంలోని ఆ కమిటీ సిఫార్సుల్ని అమలు చేయమని సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఆదేశించింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, అచ్చు పోస్టర్లు కూడదు, చేత్తో రాసినవే అంటించాలి, హాజరు 75 శాతం ఉండాలి వంటివి అందులో ఉన్నాయి. విద్యార్థి ఎన్నికల్ని, ప్రాతినిధ్యాన్ని రాజకీయ పార్టీలతో ముడిపెట్టవద్దనీ ఉంది. "మీ కమిటీయే వద్దంటోందిగా" అన్నారాయన. నాకు వెంటనే జవాబు తోచలేదు. రెండోసారి చదివితే తెలిసింది: కమిటీ మాట్లాడుతున్నది ఎన్నికైన సంఘం గురించి, అంటే అందరు విద్యార్థుల తరఫునా మాట్లాడే పదవి గురించి. ఈ 43 మంది అందరి తరఫునా మాట్లాడతామనలేదు, తమ మాట తాము మాట్లాడుకోవడానికి కాసేపు గది అడిగారు. అయితే ఈ తేడా నేను ఫైల్లో రాసింది డిసెంబరులో. జూలైలో రాసి ఉంటే కథ పొట్టిదయ్యేది.

మొదటి ప్రయత్నం: పెండింగ్

మా సూపరింటెండెంటు ముప్పై ఏళ్ల అనుభవం గలాయన. "సార్, కాదని రాస్తే అదొక కాగితం అవుతుంది. రాయకపోతే ఏమీ లేదు" అన్నారు. నాకు బాగా నచ్చింది. ఆగస్టులో మిడ్ పరీక్షలున్నాయి, ఈ వేడి అప్పటికి చల్లారుతుందని లెక్కేశాను. నా మొదటి తప్పు అదే.

ఐదు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం పన్నెండు మంది క్యాంటీన్ పక్క వేపచెట్టు కింద కూర్చుని ఏదో చదువుకుంటున్నారు. సెక్యూరిటీ గార్డు వెళ్లి లేపాడు. అతనికి నేను చెప్పలేదు. ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. ఒకమ్మాయి ఫోన్లో తీసిన వీడియో నలభై సెకన్లు ఉంటుంది. అందులో గార్డు టోపీ తీసి నుదురు తుడుచుకుంటూ, కెమెరా వంక చూడకుండా, "గుర్తింపు లేని మీటింగులు కుదరవంట. నాకేం తెల్దమ్మా, పైనుంచి చెప్పారు" అంటాడు. సాయంత్రానికి అది అందరి ఫోన్లలో ఉంది. మర్నాడు గేటు బయట టీ కొట్టు దగ్గర పన్నెండు కాదు, నలభై మంది. రోడ్డు సగం నిండింది. స్టేషన్ నుంచి ఫోనొచ్చింది: "సెక్షన్ 30 అమల్లో ఉంది సార్, మీ పిల్లల్ని లోపలికి పిలుచుకోండి." సభలు, ఊరేగింపుల్ని పోలీసులు కట్టడి చేసే పోలీసు చట్టం సెక్షన్ అది. లోపల కూర్చుంటే మేం లేపాం, బయట నిలబడితే వాళ్లు లేపారు.

చాలా తర్వాత 1972 నాటి ఒక అమెరికా తీర్పు చదివాను, హీలీ వర్సెస్ జేమ్స్. కనెక్టికట్‌లోని ఒక ప్రభుత్వ కళాశాలలో ఒక రాజకీయ విద్యార్థి సంఘానికి గుర్తింపు ఇవ్వడానికి అధ్యక్షుడు ఒప్పుకోలేదు. విద్యార్థులు, అధ్యాపకులు కలిసిన కమిటీ సరేనన్నాక కూడా. గుర్తింపు లేనివాళ్లు ప్రాంగణంలోని కాఫీ షాపులో సమావేశమైతే ఇద్దరు డీన్లు వెళ్లి పంపించేశారు. వేపచెట్టు బదులు కాఫీ షాపు, అంతే. గది లేదు, బోర్డు లేదు అంటే ఆ సంఘం నోరు సగం నొక్కినట్టేననీ, ఎందుకివ్వడం లేదో చూపించాల్సిన బరువు కళాశాలదేననీ, ఏదో జరగొచ్చన్న మొత్తం మీది భయం చాలదనీ అక్కడి సుప్రీంకోర్టు అన్నది. ప్రాంగణ నియమాలు పాటిస్తామన్న హామీ అడగవచ్చని కూడా అన్నది. మన దేశంలో దానికి విలువ ఉదాహరణ వరకే. కానీ ఆ ఇద్దరు డీన్లలో ఒకడు నాకు బాగా తెలిసినవాడిలా అనిపించాడు.

రెండో ప్రయత్నం: హామీపత్రం

పిల్లల్ని కదపలేకపోతే తల్లిదండ్రుల్ని కదపడం మన సంస్థలకు బాగా అలవాటు. "చదువు పూర్తయ్యేదాకా ఏ రాజకీయ కార్యకలాపాల్లోనూ పాల్గొననని" విద్యార్థి, తండ్రి ఇద్దరూ సంతకం పెట్టాలని ఒక ఫారం తయారుచేశాం. నా ఆలోచన ఏమిటంటే, నిజంగా పట్టుదల ఉన్నవాళ్లు ఐదారుగురే ఉంటారు, మిగతావాళ్లు ఇంట్లో మాటకు తగ్గుతారు. 43 ఫారాలు వెళ్లాయి, 11 తిరిగొచ్చాయి.

పన్నెండోదాని బదులు ఒక తండ్రి వచ్చారు. పల్నాడు వైపు రైతు. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీలు (మిర్చి బస్తాలు) మిర్చి యార్డులో అమ్ముకుని అటునుంచి అటే వచ్చారు. ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే మా అటెండరు రెండు తుమ్ములు తుమ్మాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఫారం జేబులోంచి తీసి మడత విప్పి బల్ల మీద పెట్టారు.

"సారూ, రేటు పడిపోయిన ఏడు యార్డు గేటు ముందర నేనూ కూర్చున్నోణ్ణే. ఏ పార్టీవోళ్లొచ్చినా రమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నాం. ఇప్పుడు మా అమ్మాయి రాజకీయం జోలికి పోదని నేనెట్టా రాసిచ్చేది?"

అమ్మాయి చదువు పాడవుతుందని భయం లేదా అన్నాను.

"ఎందుకు లేదండీ. ఆ భయం ఉందనే గదా మీరు నా సంతకం అడిగేది."

ఫారం అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. నేను చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. రాజకీయ కార్యకలాపం అంటే ఏమిటో అందులో ఎక్కడా రాయలేదు మేం. యార్డు ముందు కూర్చోవడం రాజకీయమా? ఫీజు బకాయి అడగడం? 1989 నుంచి పద్దెనిమిదేళ్లకే ఓటుంది. ఏటా జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు ఇదే సెమినార్ హాల్లో ఇదే పిల్లల చేత కుడిచేతులు చాపించి ప్రతిజ్ఞ చేయిస్తాం. ఓటెయ్యండి, దేనికెయ్యాలో మాత్రం మా గోడల మధ్య మాట్లాడుకోవద్దు అన్నట్టుంది మా ఫారం. వచ్చిన పదకొండూ వెనక్కిచ్చేశాను. ప్రిన్సిపాల్ గారికి చెప్పకుండా ఇచ్చాను, దానికి తర్వాత మాట కూడా పడ్డాను.

మూడో ప్రయత్నం: అందరికీ వద్దు

అప్పుడు ప్రిన్సిపాల్ గారు, అందరికీ ఒకే న్యాయం అంటే బాగుంటుంది కదా అన్నారు. "ఏ రాజకీయ సంఘానికీ ప్రాంగణంలో సభలు, బోర్డులు అనుమతించబడవు" అని సర్క్యులర్ వేశాం. దీనికి చట్టం అండ కొంత ఉంది. కాలేజీ ప్రాంగణంలో రాజకీయ కార్యకలాపాల్ని యాజమాన్యం నిషేధించవచ్చని 2003లో కేరళ హైకోర్టు సోజన్ ఫ్రాన్సిస్ కేసులో అన్నది. అది పట్టుకుని కాస్త ధీమాగానే ఉన్నాం.

మూడు వారాలు నిలిచింది. ఆ తండ్రి కూతురే నా గదికొచ్చింది. ఏమీ వాదించలేదు. పోయిన యాన్యువల్ డే ఫ్లెక్సీ ఫొటో ఫోన్లో చూపించి, "సార్, ముఖ్య అతిథిగా వచ్చినాయన ఏ పార్టీయో మీకు తెలియదా?" అని అడిగింది. తెలుసు. శాలువా కప్పింది నేనే. ఆయన పావుగంట మాట్లాడారు, అందులో పది నిమిషాలు తమ ప్రభుత్వం గురించే. పెద్దల రాజకీయం అతిథి మర్యాదయింది, పిల్లలదైతే క్రమశిక్షణ సమస్య అయింది. నిషేధం నిజంగా అందరికీ వర్తించాలంటే యాన్యువల్ డేకి ఎవర్నీ పిలవలేం, నిధుల కోసం ఎవరి గడపా తొక్కలేం. అది మావల్ల కాదని ప్రిన్సిపాల్ గారికీ తెలుసు.

ఈ లోపు ఒక సహోద్యోగి, సభ పెట్టనిద్దాం గానీ అవతలి పక్షాన్ని కూడా పిలిచి చర్చలా చేద్దాం అన్నారు. వినడానికి పెద్దమనిషి తరహాగా ఉంది. పిల్లలు ఒప్పుకోలేదు. సాహితీ వేదిక ఒక కవి మీద సభ పెడితే ఆయనంటే గిట్టని ఇంకో కవిని తెచ్చి పక్కన కూర్చోబెడతారా అని అడిగారు. ఆ పోలికకు మా దగ్గర జవాబు లేదు.

చట్టం దగ్గరికి

గుంటూరు కోర్టులో ప్రాక్టీసు చేసే నా క్లాస్‌మేట్ దగ్గరికి ఫైలు పట్టుకెళ్లాను. ఫీజుగా రెండు టీలు, ఒక ప్లేటు మిరపకాయ బజ్జీ. "ఒరేయ్, మీరు రెండు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేసుకుని తన్నుకుంటున్నారు" అన్నాడు.

వాడు విడదీసింది నా మాటల్లో ఇది. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19(1)(సి)లో ఉంది. కానీ ఆ సంఘాన్ని ప్రభుత్వం గుర్తించి తీరాలన్న హక్కు అందులో లేదని 1960ల మొదట్లో రఘువర్ దయాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది ఫార్వర్డ్ కాంట్రాక్టుల (సరుకు తర్వాత ఇచ్చేలా ముందే ధర కుదుర్చుకునే ఒప్పందాల) వ్యాపారుల కేసు. అంటే గుర్తింపు ఇవ్వకపోతే పిల్లలు కోర్టుకెళ్లి దాన్ని తెచ్చుకోలేరు. ఇంతవరకు మాకు హాయిగానే ఉంది. దాదాపు అదే కాలంలో ఓ.కె. ఘోష్ కేసు వచ్చింది. ప్రభుత్వం గుర్తించని సంఘంలో ఉద్యోగి సభ్యుడిగా ఉండకూడదన్న నియమాన్ని కోర్టు కొట్టేసింది. గుర్తింపు ఇవ్వకపోవడం ఒకటి, గుర్తింపు లేదన్న సాకుతో ఆ సంఘంలో ఉండటమే తప్పనడం ఇంకొకటి. వేపచెట్టు కింద మా గార్డు చేసింది ఆ రెండోది.

గది సంగతి? వేరొకరి ఆవరణలో నాకిష్టమొచ్చినట్టు సభ పెట్టుకుంటాననే హక్కు ఎవరికీ లేదని 1969లో రైల్వే బోర్డు కేసులో చెప్పారు. కాబట్టి వేళలు, నియమాలు పెట్టే అధికారం మాకుంది. అయితే 1972లో హిమ్మత్‌లాల్ షా కేసు ఉంది. అదీ విద్యార్థుల సమ్మె సందర్భంగా పెట్టదలచిన సభే. అహ్మదాబాద్ పోలీసు కమిషనర్ అనుమతివ్వలేదు. సభల్ని క్రమబద్ధం చేయవచ్చు గానీ, ఏ ప్రమాణమూ లేకుండా ఇస్తే ఇస్తాను లేకపోతే లేదు అనే అధికారం ఒక అధికారి చేతిలో పెట్టడం చెల్లదన్నది కోర్టు. నా క్లాస్‌మేట్ బజ్జీ తుంచుతూ అన్నాడు: "మన రాష్ట్రం సంగతే చూడు. 2022 డిసెంబరు 28న కందుకూరులో ఒక పార్టీ సభ తొక్కిసలాటలో ఎనిమిది మంది పోయారు. 2023 జనవరి 1న ఇక్కడే గుంటూరులో ముగ్గురు ఆడవాళ్లు పోయారు. మర్నాడే రోడ్ల మీద సభలు కట్టడి చేస్తూ జీవో నంబర్ 1 వచ్చింది. కారణం చిన్నది కాదు, ప్రాణాలు పోయాయి. అయినా మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. నీ సెమినార్ హాల్లో ఎవరి ప్రాణం పోతోందిరా?"

ఆ రాత్రి బస్సులో వస్తూ 'గుర్తింపు' అన్న మాట గురించే ఆలోచించాను. తెలుగులో ఇది చిక్కు మాట. జేబులో ఉండేది గుర్తింపు కార్డు. అందులో పొగడ్తేమీ లేదు, నువ్వు నువ్వేనని చెబుతుంది. ఒక రచయితకు మంచి గుర్తింపు వచ్చింది అంటే మాత్రం మెప్పు. పిల్లలు మొదటి అర్థంలో అడుగుతున్నారు, ప్రిన్సిపాల్ గారు రెండో అర్థంలో భయపడుతున్నారు. మాటను మార్చేస్తే?

పనిచేసింది

ముసాయిదాకు ఆరుగురం కూర్చున్నాం. నేను, లైబ్రేరియన్, కామర్స్ మేడమ్, సూపరింటెండెంటు, దరఖాస్తుదారుల్లోంచి ఆ అమ్మాయి, స్టూడెంట్ కౌన్సిల్ నుంచి ఒకబ్బాయి. మొదటి పని 'గుర్తింపు' కొట్టేసి 'నమోదు' అని రాయడం. పెళ్లి నమోదు చేసే అధికారి ఆ పెళ్లికి పెద్ద కాడు గదా. ప్రిన్సిపాల్ గారి ముఖంలో బిగువు అక్కడే సడలింది. "నమోదైతే పర్లేదు. రిజిస్టరే గదా" అన్నారు.

తర్వాత ఆ ఒక్క మాటలో ఇరుక్కున్నవన్నీ విడగొట్టాం. గది వేరు, బోర్డు వేరు, సంస్థ పేరు వాడుకోవడం వేరు, డబ్బు వేరు. డబ్బు తేలిక: రాజకీయ అనుబంధం ఉన్న ఏ సంఘానికీ సంస్థ నిధి ఇవ్వదు. పిల్లలు అడగనూ లేదు. పేరు విషయంలో జాగ్రత్తపడ్డాం. 2015 మేలో ఐఐటీ మద్రాసు అంబేడ్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ గుర్తింపు రద్దు చేసినప్పుడు సంస్థ పేరు అనుమతి లేకుండా వాడుకున్నారన్నదే ప్రధాన కారణంగా చూపింది. దేశమంతా గొడవై జూన్‌లో పునరుద్ధరించింది. మేం ముందే రాసుకున్నాం: 'ఫలానా సంస్థ విద్యార్థుల వేదిక' అనవచ్చు, 'ఫలానా సంస్థ వేదిక' అనకూడదు. ప్రతి నోటీసు కింద ఇది సంస్థ అభిప్రాయం కాదన్న ఒక వాక్యం ఉండాలి. ఆ వాక్యం పిల్లల కంటే ప్రిన్సిపాల్ గారికే ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

నమోదుకు పదిమంది విద్యార్థుల సంతకాలు, ఫోను ఎత్తే ఒక మనిషి, ప్రాంగణ నియమాలు పాటిస్తామన్న ఒక వాక్యం చాలన్నాం. ఆశయాలేమిటని అడగలేదు. అడిగితే చదవాలి, చదివితే నచ్చాలా వద్దా అన్నది మొదలవుతుంది. అధ్యాపక సలహాదారు తప్పనిసరి అని మొదట రాసి తర్వాత తీసేశాం. కామర్స్ మేడమ్ నిక్కచ్చిగా చెప్పారు: "సార్, రేపు నా ప్రమోషన్ ఫైలు కదిలేటప్పుడు ఈ సంతకం ఎవరైనా గుర్తుచేస్తే? నేనైతే పెట్టను." ఎవరూ పెట్టని సంతకాన్ని షరతుగా పెట్టడం మర్యాదగా కాదనడమే.

హాలు బుకింగు రిజిస్టరు నా గదిలోంచి లైబ్రరీకి మార్పించాను. దీని గురించి ఎక్కువ వాదన జరిగింది, నేనే పట్టుబట్టాను. విమర్శ వస్తే ఇబ్బంది పడేది నేను, ప్రిన్సిపాల్ గారు. ఇబ్బంది పడేవాడి చేతిలో తాళం ఉండకూడదు. లైబ్రేరియన్‌కు తారీకు ఖాళీగా ఉందా లేదా అన్నదే పట్టింపు. మూడు పని దినాల ముందు రాయాలి, ముందొచ్చినవారికి ముందు. కాదనాలంటే రెండు రోజుల్లో రాతపూర్వకంగా కారణం ఇవ్వాలి, ఇవ్వకపోతే హాలు ఇచ్చినట్టే. కారణాలు కూడా లెక్కపెట్టి రాశాం: వేరే బుకింగు, పరీక్షలు, హాలు పట్టేదానికి మించిన జనం, నేరానికి రెచ్చగొట్టడం, హింస జరుగుతుందని ఫలానా సమాచారంతో పోలీసుల లేఖ. 'పొలిటికల్' అన్నది ఆ జాబితాలో లేదు. సూపరింటెండెంటు గారు దాన్ని రెండుసార్లు చదివి, "ఇంక పెండింగ్ పెట్టడానికి ఏం లేదన్నమాట" అన్నారు. కొంచెం దిగులుగానే అన్నారు.

బోర్డు మీద ముద్ర తేదీకి మాత్రమే, పదిహేను రోజుల తర్వాత తీసెయ్యడానికి. బయటి వక్త పేరు ముందు రోజు గేటుకివ్వాలి, వెంట కార్ల వరస రాకూడదు.

నాలుగు పరీక్షలు

మొదటి సభకు రెండు రోజుల ముందు ఇంకో సంఘం బయటి నాయకులు, సభ జరిగితే అడ్డుకుంటామని ఫోన్ చేశారు. ప్రిన్సిపాల్ గారు వాయిదా వేద్దామన్నారు. కష్టమైన నిర్ణయం అదే. వాయిదా వేస్తే ఒక్క ఫోన్ కాల్‌తో ఏ సభనైనా ఆపొచ్చని అందరికీ నేర్పినట్టవుతుంది. 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, అల్లరి చేస్తామన్నవాళ్లకు తలొగ్గి మాట్లాడేవాడి నోరు మూయించకూడదని. స్టేషన్‌కు లేఖ రాసి ఇద్దరు కానిస్టేబుళ్లను అడిగాం. వచ్చారు, గేటు దగ్గర కుర్చీలేసుకుని కూర్చున్నారు. అడ్డుకుంటామన్నవాళ్లలో నలుగురొచ్చి నినాదాలిచ్చి వెళ్లారు. లోపల మైకు పదో నిమిషంలో ఆగిపోయింది, వక్త గొంతు చించుకుని పూర్తిచేశారు. అరవై మంది దాకా విన్నారు. సగం మంది ఏదైనా జరుగుతుందేమో చూద్దామని వచ్చినవాళ్లే. ఏమీ జరగలేదు. కాస్త నిరాశగా వెళ్లిపోయారు.

రెండోది నాకు తట్టనే లేదు. సభ నుంచి వస్తూ హాలు తలుపు దగ్గర లెక్కేశాను. దరఖాస్తు మీద 17 మంది అమ్మాయిల సంతకాలున్నాయి, హాల్లో ఉన్నది నలుగురు. సభ నాలుగున్నరకి. ఊళ్ల బస్సులు నాలుగూ ఇరవైకి వెళ్లిపోతాయి, గర్ల్స్ హాస్టల్ వార్డెన్ ఐదున్నరకి హాజరు పిలుస్తారు. క్లాసులయ్యాకే హాలు అన్న నియమం రాసింది మేమే, ఆరుగురిలో ఇద్దరు ఆడవాళ్లుండి కూడా. ఎవర్నీ వద్దనకుండానే సగం మందిని వద్దన్నట్టయింది. మధ్యాహ్న భోజన విరామాన్ని కూడా బుకింగులోకి తెచ్చాం. రెండో సభకు డబ్బాలు విప్పుకుని తింటూ విన్నారు. ఆవకాయ వాసన మధ్య ఆర్టికల్ 19 చర్చ నాకు కొత్తగానే ఉంది.

మూడోది, నెల తిరక్కుండా ఆ ప్రత్యర్థి సంఘం మా విద్యార్థులు పదకొండు మంది సంతకాలతో వచ్చి నమోదు చేసుకున్నారు. బోర్డు మీద మొదటి సంఘం విధానాల్ని ఉతికి ఆరేస్తూ ఒక చేతిరాత పత్రం పెట్టారు. మర్నాడు పొద్దున నా గది ముందు మొదటి సంఘంవాళ్లు: "సార్, అది తీయించండి. అబద్ధాలు రాశారు." నాయకుడు కుర్రాడు కోపంతో వణుకుతున్నాడు. ముసాయిదా కమిటీలో కూర్చున్న అమ్మాయి పక్కనే ఉంది. నేను ఆ రెండు పేజీల నియమాల్ని ఆమె చేతికిచ్చాను. చదివింది. కుర్రాడి మోచెయ్యి పట్టుకుని, "పదరా, మనం జవాబు రాద్దాం" అంది. ఆ వారం బోర్డు దగ్గర ఆగి చదివినంతమందిని నేను మార్కుల లిస్టు దగ్గర తప్ప చూడలేదు.

నాలుగోదాంట్లో మేం పూర్తిగా గెలవలేదు. మొదటి సంఘం సభ్యుడొకడు ఒక అధ్యాపకుణ్ని కులం పేరెత్తి హేళన చేసే పోస్టు వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చేశాడు. సంఘం నమోదు రద్దు చెయ్యాలని స్టాఫ్ రూమంతా ఒక్కటైంది. చేసింది ఒక మనిషి, ఫిర్యాదు ఆ మనిషి మీద నడవాలన్నాను. సంఘం పేరుతో, సంఘం నిర్ణయంతో జరిగి ఉంటే వేరే సంగతి. విచారణ జరిగింది, క్షమాపణ రాతపూర్వకంగా వచ్చింది, ఒక సెమిస్టరు హాస్టల్ పోయింది. ఆ అధ్యాపకుడు మాత్రం నాతో ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడతారు. సంఘానికి తన సభ్యుణ్ని తనే తప్పుపట్టమని అడిగి ఉండాల్సింది. వాళ్లు దాని మీద ఒక్క మాటా మాట్లాడకుండా జారుకున్నారు, నేనూ పోనిచ్చాను. నమోదు రద్దు చెయ్యకపోవడం సరైనదే, అలా పోనివ్వడం కాదు.

ఇప్పుడు మళ్లీ చేస్తే

దరఖాస్తు వచ్చిన వారంలోనే రాతపూర్వకంగా జవాబిస్తాను, కాదనే జవాబైనా సరే. కాదన్న కాగితం ఉంటే దాని మీద వాదించుకోవచ్చు. మేం పెండింగ్ పెట్టడం వల్ల వాదన వేపచెట్టు కిందికీ, అక్కడి నుంచి రోడ్డు మీదికీ పోయింది. తల్లిదండ్రుల సంతకం జోలికి అసలు పోను. నియమాలు రాసే బల్ల దగ్గర ఒక డే స్కాలర్ అమ్మాయిని, బస్సు టైములు తెలిసినామెను కూర్చోబెడతాను.

ఇదంతా ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఎంతవరకు సాగుతుందని ఇద్దరు ముగ్గురు మిత్రులు అడిగారు. అక్కడ యాజమాన్యం మీద ఒత్తిడి తెచ్చే తాళ్లు తక్కువ, మా క్లాస్‌మేట్ ఇచ్చిన పాఠం ఉన్నదున్నట్టుగా పనిచేయదు. కానీ గది, బోర్డు, పేరు, డబ్బు అని విడగొట్టడానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

ఆ అమ్మాయి చదువు పూర్తయ్యి వెళ్లేముందు రెండు సంఘాలూ కలిసి ఒక అర్జీ ఇచ్చాయి, లింగ్డో పద్ధతిలో విద్యార్థి ఎన్నికలు పెట్టమని. రెండు జెండాలవాళ్లు ఒకే కాగితం మీద సంతకం పెట్టడం మా ఆఫీసులో అదే మొదలు. మా చేతిలో లేని పని గనక, అదే రోజు ఇన్‌వార్డు నంబరు వేయించి, నా సిఫార్సుతో పై అధికారులకు పంపించి, నకలు వాళ్లకిచ్చాను. అక్కడ అది పెండింగ్‌లో ఉంది.